తూటా పేరు లేని అనుమతి వద్దు

మెట్ట రైతులకు, గ్రామసభలకు, అటవీ అధికారులకు విన్నపం

పంటను కాపాడుకోవడానికి అడవి పందిని కాల్చక తప్పనప్పుడు, దాన్ని ఏ తూటాతో కాల్చాలో అనుమతి పత్రమే చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతి ఎవరు ఇవ్వవచ్చో చెబుతుంది, ఎందుకు ఇవ్వవచ్చో చెబుతుంది. ఏ తుపాకితో, ఏ తూటాతో, ఎంత దూరం నుంచి అన్నది మాత్రం చెప్పదు. ఆ ఖాళీ వల్ల జంతువు రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది, మనుషుల ప్రాణాలకూ ముప్పు వస్తుంది. దాన్ని పూడ్చమని అడగడమే ఈ కరపత్రం ఉద్దేశం.

మెట్టలో జరుగుతున్నది

ఏలూరు జిల్లాలో దక్షిణాన కొల్లేరు, చేపల చెరువులు, వరి చేలు. ఉత్తరాన ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి, జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం మండలాల మెట్ట. ఎర్ర నేల, బోరు నీళ్లు, ఆయిల్‌పామ్, మొక్కజొన్న, కోకో, కొబ్బరి, పొగాకు ఇక్కడి బతుకు. దేశం మొత్తానికి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ పెదవేగిలో ఉందంటే ఈ నేలకు ఆ పంటతో ఉన్న సంబంధం తెలుస్తుంది. ఆ తోటల అంచున అడవి ఉంది, అడవిలో పంది ఉంది.

తెల్లవారి తోటకు వెళ్లిన రైతుకు, నిన్నటిదాకా నిటారుగా నిలిచిన ఆయిల్‌పామ్ మొక్క పక్కకు ఒరిగి కనిపిస్తుంది. మొదలు చుట్టూ మట్టి పెళ్లగించి ఉంటుంది. లోపలి లేత మొవ్వు కొరికేసి ఉంటుంది. మొవ్వు పోయిన మొక్క మళ్లీ లేవదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మంద దిగితే తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోయిన మనిషి కోపం అర్థం కానిది కాదు.

ఆ కోపంలో చేతికందే సాధనాలు నాలుగు: మోటారు స్టార్టరు నుంచి లాగిన కరెంటు తీగ, బండి క్లచ్ వైరుతో వేసిన ఉచ్చు, ఎరలో పెట్టిన నాటు బాంబు, నాటు తుపాకి. కరెంటు తీగకు పందీ మనిషీ తేడా తెలియదు. రాత్రివేళ మోటారు వేయడానికి వెళ్లిన పాలేరు, తప్పిపోయిన గేదెను వెతికే పిల్లవాడు దానికే బలవుతారు. ఉచ్చు పంది కోసమే వేసినా, దాని వెనకే వచ్చే చిరుతకూ బిగుస్తుంది. నాటు బాంబు దవడను చీలుస్తుంది, ప్రాణం వెంటనే తీయదు. 2020 మే నెలలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో చూలుతో ఉన్న ఏనుగు పేలుడు ఎర కొరికి, నోరు పగిలి, నది నీళ్లలో నిలబడి చనిపోయిన సంగతి దేశమంతా చూసింది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తరువాత అడవి పంది దాని రెండో షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడడం నేరం. అయితే 11వ సెక్షను కింద, మనిషి ప్రాణానికో పొలంలో నిలిచిన పంటకో అది ప్రమాదమైనప్పుడు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, దాన్ని చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకోవడానికి కాదు. 62వ సెక్షను కింద కేంద్రం ఒక ప్రాంతానికి, ఒక కాలానికి దాన్ని హానికర జంతువుగా ప్రకటించవచ్చు. బీహారు, ఉత్తరాఖండ్ రాష్ట్రాల్లో అలా జరిగింది. 2022లో కేరళ ఇంకో దారి పట్టింది. స్థానిక సంస్థల అధ్యక్షులకే ఉత్తర్వు ఇచ్చే అధికారం అప్పగించి, విషం, పేలుడు పదార్థం, కరెంటు వాడకూడదని షరతు పెట్టింది.

ఆయుధాల చట్టం మాత్రం 1959 దగ్గరే ఆగింది. పంట రక్షణ కోసమని దాని 13వ సెక్షను పేరుపెట్టి చెప్పిన తుపాకి, గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకి. బెదిరించడానికి అది చాలు. చంపడానికి ఇంతకంటే క్రూరమైన తుపాకి లేదు.

పంది శరీరం, గుండు పని

ఎదిగిన మగ పంది వంద కిలోలు దాటవచ్చు. భుజాల మీద దాని చర్మం కింద గట్టి కవచం లాంటి పొర పెరుగుతుంది. మగ పందులు కోరలతో కుమ్ముకునేటప్పుడు వాటిని కాపాడేది అదే. గుండె, ఊపిరితిత్తులు ఆ కవచం వెనక, ముంగాలి మొదట్లో, చూసేవాడు అనుకునే దానికంటే కిందుగా ఉంటాయి. ఆ చోటు విస్తరాకంత పెద్దది కాదు, టిఫిను పళ్లెమంత. అక్కడ తగిలితే జంతువు క్షణాల్లో పడుతుంది. నాలుగు వేళ్లు వెనక్కి తగిలితే పొట్టలో తగిలినట్టు. అప్పుడది తోటల్లోకి పరిగెత్తి, వాగు పక్క పొదలో పడుకుని, ఒకటి రెండు రోజులు కొనప్రాణంతో ఉంటుంది. దగ్గరకు వెళ్లిన మనిషి మీదికి తిరగబడేది ఆ పందే.

ఇక తూటా. ఇత్తడి గొట్టం, అడుగున క్యాపు, లోపల మందు, పైన గుండు: ఈ నాలుగూ కలిసిందే తూటా. గుండును చేతిలో పట్టుకు చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కొన దాకా రాగి తొడుగు ఉన్నది. ఇది సైన్యపు రకం. ఒంట్లో సూదిలా దూరి అవతలికి పోతుంది, సన్నని బెజ్జం చేసి జంతువును కుంటుతూ పారిపోనిస్తుంది. అవతలికి పోయిన గుండు ఎవరి పాక మీద పడుతుందో తెలియదు. రెండోదానికి రాగి తొడుగు కొన దగ్గర ఆగిపోతుంది, మెత్తని సీసం బయటికి కనిపిస్తుంది. తగలగానే ఆ కొన పుట్టగొడుగులా విచ్చుకుని, తన శక్తినంతా ఒంటి లోపలే ఖర్చు చేస్తుంది. జంతువును త్వరగా చంపేది ఈ రెండో రకమే. తుపాకి పెద్దదా చిన్నదా అన్నది దాని తరువాతి ప్రశ్న.

ఏ తుపాకి ఏం చేస్తుంది

లైసెన్సు అక్కరలేని .177 ఎయిర్‌గన్ శక్తి నిబంధన ప్రకారమే 20 జౌళ్లు మించదు. పందిని అది గాయపరచడమే తప్ప చంపదు.

.22 రైఫిలు గుండు బరువు 2.6 గ్రాములు, శక్తి 170 జౌళ్ల దరిదాపు. చప్పుడు తక్కువ, తూటా చవక. అందుకే దీని మీద ఆశ ఎక్కువ. భుజం కవచం దాటి గుండెను చేరే బలం దీనికి లేదు. దీనితో పందిని కాల్చడమంటే గాయం చేసి వదిలేయడమే.

నాటు తుపాకిలో కూరేది సీసపు ముక్కలు, సైకిలు బేరింగు గుళ్లు, ఒక్కోసారి మేకులు. ప్రతి కాల్పుకూ మందు కొలత మారుతుంది, గురి మారుతుంది. అది కాల్చేవాడి ముఖం మీదే పగలవచ్చు.

పన్నెండు బోరు తుపాకి పల్లెల్లో లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా ఉండేది. పిట్టల రవ్వలతో పందిని కాల్చడం పాపం. పెద్ద గుళ్ల తూటా అయినా పాతిక మీటర్లు దాటితే గుళ్లు చెదిరి, ఒకటి ఊపిరితిత్తికి, రెండు పొట్టకు తగులుతాయి. పాతిక మీటర్ల లోపు, మంచె మీద నుంచి అయితేనే దానికి చోటు.

.315 రైఫిలు మన దేశపు ప్రభుత్వ కర్మాగారాల్లో తయారయ్యేది. గుండు బరువు 15.8 గ్రాములు, శక్తి 3,000 జౌళ్ల దగ్గర. మెత్తని కొన గుండుతో పందికి ఇది చాలినంత. .30-06 అంతకంటే శక్తిగలది.

సన్న బోరు రైఫిళ్లు, అంటే 6, 6.5 మిల్లీమీటర్లవి, పాత దిగుమతులుగా కొందరి దగ్గర ఉంటే వాటిని తోసిపుచ్చనక్కరలేదు. వాటికి వెనక్కి తన్నే దెబ్బ తక్కువ, అందువల్ల చేయి బెదరదు, గురి తప్పదు. కానీ తేలిక గుండుకు తప్పును కాచుకునే శక్తి లేదు. గట్టిగా కట్టిన, చితికి ముక్కలు కాని గుండు కావాలి; పంది అడ్డంగా నిలబడాలి; దూరం తక్కువ ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా కాల్చకుండా దిగిరావాలి.

బయటి దేశాల దారి

అమెరికాలో ఎల్క్ అనే జంతువుంది. మన కణితికి దూరపు చుట్టం; మగది మూడు వందల కిలోలు దాటుతుంది. సన్న బోరు రైఫిలుతో దాన్ని కాల్చవచ్చా అన్న వాదం అక్కడి వేటగాళ్లలో ఎప్పుడూ ఉన్నదే. కొలరాడో రాష్ట్రం ఆ వాదాన్ని వేటగాళ్లకు వదలకుండా నిబంధనలో రాసిపెట్టింది. బోరు 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గుండు విచ్చుకునే రకమై ఉండాలి. ఎల్క్‌కు గుండు బరువు 85 గ్రెయిన్లకు, అంటే అయిదున్నర గ్రాములకు తగ్గకూడదు. వంద గజాల దూరంలో శక్తి వెయ్యి అడుగు-పౌండ్లు, అంటే సుమారు 1,350 జౌళ్లు ఉండాలి. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం కూడా కనీస బోరు, కనీస శక్తి, మెత్తని కొన గుండు అని పేర్కొన్నది. సరదాకు వేటాడే దేశాలే జంతువు బాధ తగ్గించడానికి ఇంత కొలిచి రాసుకున్నప్పుడు, వేటను నేరంగా చూసే మన దేశం తప్పనిసరై చంపించే చోట అంతకంటే జాగ్రత్తగా రాయాలి.

సీసం సంగతి

విచ్చుకునే సీసపు గుండు నుంచి కంటికి కనపడని తునకలు మాంసంలో చెల్లాచెదురవుతాయి. కళేబరాన్ని వదిలేస్తే నక్క, కుక్క, గద్ద, కాకి తింటాయి, సీసం వాటి ఒంట్లో చేరుతుంది. పెద్ద రాబందు కాండర్‌ను కాపాడుకోవడానికి కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. పూర్తిగా రాగితోనే చేసిన గుండు చితికి ముక్కలు కాదు, సీసంలా విషమూ కాదు. అది లైసెన్సుదారులకు దొరికేదాకా కళేబరాన్ని లోతుగా పూడ్చడం తప్పనిసరి కావాలి.

కొల్లేరు విషయంలో మాట ఒకటే. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సులో, గూడబాతులు పిల్లల్ని చేసే ఆటపాక చుట్టుపక్కల, ఏ తుపాకికీ చోటు లేదు. బురదలో పడ్డ సీసపు రవ్వను గింజ అనుకుని మింగిన బాతు నెమ్మదిగా చస్తుంది. ఆ కారణంగానే అమెరికా 1991లో నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలు మాన్పించింది. మెట్టకు ఇచ్చే అనుమతి ఏదైనా కొల్లేరు గట్టు దాకా రాకూడదు.

రెండు అభ్యంతరాలు

అసలు చంపడమే తప్పు అనేవారి మాటలో బలం ఉంది. పాపికొండల అడవుల్లో పులికి పంది ముఖ్యమైన ఆహారం. అందుకే చంపడం చివరి మెట్టు. దానికి ముందు సోలారు కంచె, చేను చుట్టూ ఆముదం లేదా కుసుమ సాళ్లు, రాత్రి కాపలా, నష్టపరిహారం ఉండాలి. కానీ అవి చాలని చోట అనుమతి నిరాకరిస్తే పంది బతకదు. కరెంటు తీగకు చస్తుంది, దానితో పాటు మనిషీ చస్తాడు.

పంట పోతుంటే గుండు రకాలు చూస్తూ కూర్చోవాలా అనేది రైతు అభ్యంతరం. గాయపడి పారిపోయిన పంది మరునాడు గడ్డి కోసే మనిషి మీద పడుతుంది. గురి తప్పిన రైఫిలు గుండు కిలోమీటర్లు పోతుంది. తోటల మధ్య పాకల్లో కూలీలు నిద్రపోతుంటారు. సరైన తూటా అడగడం పంది మీద జాలి ఒక్కటే కాదు, రైతు ఇంటి క్షేమం కూడా.

అనుమతి పత్రంలో ఉండవలసినవి

1. కంచె, సరిహద్దు పంట ప్రయత్నించి చాలలేదన్న విచారణ నివేదిక.

2. వాడే తుపాకి బోరు, గుండు రకం, కనీస బరువు. రైఫిలు అయితే విచ్చుకునే గుండే వాడాలి. వంద గజాల దగ్గర శక్తి 1,350 జౌళ్లకు తగ్గకూడదు. ఎయిర్‌గన్, .22, నాటు తుపాకి, పూర్తి తొడుగు గుండు నిషేధం.

3. దూరపు హద్దు: రైఫిలుకు అరవై మీటర్లు, పన్నెండు బోరుకు పాతిక. కాల్పు మంచె మీద నుంచే. గుండు తప్పినా, దాటినా నేలలోకే దిగాలి.

4. కాల్చేవారికి పరీక్ష: అరవై మీటర్ల దగ్గర టిఫిను పళ్లెమంత గురిలో అయిదుకు అయిదు తగలాలి. ఏటా మళ్లీ పరీక్ష.

5. పిల్లలు వెంట ఉన్న తల్లిని కాల్చకూడదు. ఆ పిల్లలు తల్లి లేకుండా ఆకలితో చావడం ఎవరికీ లాభం కాదు.

6. తగిలిన పంది దొరికేదాకా ఇంకో కాల్పు లేదు. తెల్లవారగానే నెత్తురు జాడ పట్టి వెతకడం, ముగించడం కాల్చినవారి బాధ్యత.

7. ఖాళీ తూటా గొట్టాలు లెక్కతో అప్పగించాలి. అటవీ సిబ్బంది ఎదుట పంచనామా చేసి కళేబరం పూడ్చాలి.

గ్రామసభ చేయవలసింది

మెట్ట మండలాల ప్రతి గ్రామసభ ఒక తీర్మానం చేసి జిల్లా అటవీ అధికారికి, కలెక్టరుకు పంపవచ్చు. దాని పాఠం ఇంత చాలు: “మా గ్రామంలో కరెంటు తీగ, ఉచ్చు, నాటు బాంబు, నాటు తుపాకి వాడబోము. పంట నష్టం తీవ్రమైన చోట వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షను కింద అనుమతి కోరుతాము. ఆ అనుమతిలో తుపాకి, తూటా, దూరం, కాల్చేవారి అర్హత స్పష్టంగా రాయాలని కోరుతున్నాము. అవి రాయని అనుమతిని మా గ్రామంలో ఎవరూ వాడుకోరు.”