ఒప్పుకోకపోయినా వెన్ను తట్టిన గురువు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని మిరప ఊళ్లకు వెళ్తే కల్లాలన్నీ ఎర్రగా కనిపిస్తాయి. అక్కడ కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. ఈసారి ఒకరిని అడిగి చూడండి, "ఇది తాలని ఎలా తెలిసింది పెద్దమ్మా?" అని. "చూస్తే తెలవదూ!" అంటుంది. ఎంత రంగు తగ్గితే తాలు అనే సూత్రమేదీ ఆమె చదువుకోలేదు. వేల కాయలు చేతుల్లోంచి పోయాక కన్నే నేర్చుకుంది.

కంప్యూటరుకు నేర్పడానికీ ముఖ్యంగా రెండు దారులున్నాయి. సూత్రాలు రాసి ఇవ్వడం ఒకటి. బోలెడన్ని ఉదాహరణలు చూపించి, గుర్తుపట్టడం దానికే వదిలేయడం రెండోది. సరిగ్గా ఈ రెండు దారులు చీలేచోట ఒక గురువుకూ శిష్యుడికీ అభిప్రాయం కలవలేదు. ఆ గురువు మన తెలుగువాడే.

రాజ్ రెడ్డి గారు 1937లో, నాటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివారు ఆయనే. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొందారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం ఆయన పట్టుకున్న పని. ధ్వనుల గురించి నిపుణులకు తెలిసినదంతా యంత్రానికి అందించాలన్నది ఆయన మార్గం.

1980లలో కై ఫూ లీ అనే విద్యార్థి తనకు ఆ మార్గం వద్దన్నాడు. గణాంకాలను నమ్ముకుంటానన్నాడు. అంటే మన పెద్దమ్మ దారి! రెడ్డి గారికి అది నచ్చలేదు. ఆ మాట దాచుకోలేదు కూడా. అయినా నీ దారిలో నీకు సాయం చేస్తానన్నారు, చేశారు. అప్పటిదాకా చాలా యంత్రాలు అలవాటైన గొంతునే పోల్చుకునేవి, మాట మాటకూ ఆగి పలకాల్సి వచ్చేది. 1988 నాటికి లీ తయారుచేసిన 'స్ఫింక్స్' మాత్రం ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా, దాదాపు 1000 పదాల మేరకు గుర్తుపట్టగలిగింది.

రెడ్డి గారికి 1994లో మరొకరితో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదంటారు. నన్నడిగితే, శిష్యుడికి ఆ రోజు ఇచ్చిన సమ్మతి అంతకన్నా అరుదైనది.

గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ ఆయనే. మీరంతా ట్రిపుల్ ఐటీ అంటారే, అదే. దాని ఒంగోలు శాఖ 2016లో వచ్చింది. అక్కడ చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. మంచిదే. కానీ యంత్రం ఇచ్చినంత సులువు కాదు, "నాకు నమ్మకం లేదు, అయినా చేసి చూడు" అనడం. మన కోచింగు తరగతుల్లో ఆ మాట ఎంతమంది విని ఉంటారు? తప్పు రాస్తే మార్కు పోతుందన్న భయంతో పెరిగిన పిల్లవాడికి, మొదటిసారి నడవని ప్రోగ్రాము చూస్తే చేతులు వణుకుతాయి. నిజానికి ప్రోగ్రాములు రాయడమంటేనే తప్పులు వెతికి దిద్దుకోవడం.

నేనూ కొన్నాళ్లు కంప్యూటరు పాఠాలు చెప్పినవాణ్ణే. మిరప ధరలను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చే ప్రోగ్రాము రాయమంటే, ఒక అమ్మాయి నేను చెప్పిన పద్ధతి వదిలేసి వేరే విధంగా మొదలుపెట్టింది. అది నడవదని చెప్పి, సగంలోనే చెరిపించాను. ఆ తర్వాత ఇంటికి వెళ్లి కాగితం మీద వేసి చూసుకున్నాను. నడిచేదే.