హాస్యబ్రహ్మలు సరే, నవ్వులో మన వాటా ఏది?

హాస్యం ఒక్కరి వల్ల అయ్యే పని కాదని మన హాస్యనటులు తరచూ చెబుతుంటారు. రాసేవాళ్ళు బాగా రాయాలి, తీసేవాళ్ళకి అది అర్థం కావాలి, ఎదుటి నటుడు సరిగ్గా ఆ క్షణానికే మాట అందించాలి. అప్పుడే నవ్వు పుడుతుంది అంటారు. సత్తెనపల్లి దగ్గర పుట్టి, అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఉండిన బ్రహ్మానందం గారు 'అహ నా పెళ్ళంట' (1987)తో ఇంటింటి మనిషయ్యారు. ఆ అవకాశమిచ్చిన జంధ్యాల గారిని ఆయన తలుచుకుంటూనే ఉంటారు. మంచి సంస్కారం. నవ్వు నలుగురి పని అన్న మాటని నేను పూర్తిగా నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే అడుగుతున్నాను. పని నలుగురిదీ అయినప్పుడు, పేరు దగ్గరికొచ్చేసరికి ఆ నలుగురిలో ఆడవాళ్ళు ఎందుకు కనబడరు?

'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) ఎవరిదని ఎవర్నడిగినా జంధ్యాలది అంటారు. దానికి మూలం పొత్తూరి విజయలక్ష్మి గారి 'ప్రేమలేఖ' నవల. ఇది రహస్యమేమీ కాదు. ఊరూ పేరూ తెలియని శ్రీవారికి ఒక అమ్మాయి సరదాగా రాసి పడేసిన ఉత్తరం చుట్టూ అంత నవ్వు అల్లవచ్చన్న ఊహ ఒక స్త్రీది. జంధ్యాల మాటల పనితనాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఇద్దరు కలిసి వండిన వంటకి ఒకరి పేరే ఎందుకు మిగిలిందన్నదే నా ప్రశ్న.

ఆ సినిమాలోనే చూసిన సినిమాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పి మొగుడి ప్రాణం తీసే ఇల్లాలు శ్రీలక్ష్మి. రెండేళ్ళకి 'చంటబ్బాయ్' (1986)లో ఆమే రచయిత్రి. పత్రికాఫీసు మీద దండెత్తి, తన కవితలతో సంపాదకుణ్ణి హడలగొట్టే రచయిత్రి! ఒక స్త్రీ నవలతో అంత పేరు తెచ్చుకున్న దర్శకుడి చేతిలోనే రాసే ఆడది నవ్వులాటగా మారింది. చూసి మనమూ నవ్వాం. ఎందుకంటే శ్రీలక్ష్మి ఆ పాత్రని బిక్కమొహంతో చెయ్యలేదు. తన రాత మీద తనకి కొండంత నమ్మకమున్న మనిషిగా చేసింది. కాగితం మీద ఆ పాత్ర ఒక వెక్కిరింత. ఆమె దాన్ని మనిషిని చేసింది. దీన్ని సృజన అనక ఏమంటారు? కానీ మనవాళ్ళు దాన్ని 'జంధ్యాల మార్కు కామెడీ' అంటారు.

బిరుదుల సంగతి చూడండి. భమిడిపాటి కామేశ్వరరావు గారు హాస్యబ్రహ్మ. జంధ్యాల గారూ హాస్యబ్రహ్మే. ఇంతమంది పండితులున్న భాషలో ఆ మాటకి స్త్రీలింగం ఒక్కరికీ తట్టలేదు. మునిమాణిక్యం వారి కథల్లో నవ్వించేది కాంతం, హాస్యరచయిత ఆమె భర్త. దీన్ని తిరగేసింది మా ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతి. 'అత్తగారి కథలు'లో నవ్వించే అత్తా ఆడదే, ఆ నవ్వుని పట్టుకుని కథ చెప్పే కోడలూ ఆడదే. అత్తాకోడళ్ళంటే జుట్టూజుట్టూ పట్టుకోవడమేనన్న కాలంలో ఇద్దరినీ ఒక నవ్వులో కూర్చోబెట్టడం చిన్న పని కాదు. అయినా భానుమతి అనగానే పాట గుర్తుకొస్తుంది, నటన గుర్తుకొస్తుంది, ఆమె 'పొగరు' మరీ గుర్తుకొస్తుంది. హాస్యరచయితగా ఆమె పేరు ఎన్నోదిగా గుర్తుకొస్తుంది?

అసలు నలుగురూ కలిసి నవ్వు పుట్టించడమంటే ఏమిటో చూడాలంటే స్టూడియోలకి పోనక్కర్లేదు. మా అద్దంకి వైపు మిరప కోతల రోజుల్లో చేలకి రండి. ఒకామె మేస్త్రీ నడకని రెండడుగుల్లో దించేస్తుంది. పక్క సాలులో ఆమె అతని గొంతుతో "కానియ్యండమ్మా, పొద్దుగూకుతాంది" అంటుంది. మూడో ఆమె కూలి డబ్బులు లెక్కబెట్టేటప్పుడు వణికే అతని వేళ్ళని చూపిస్తుంది. చేను చేనంతా నవ్వు. ఎర్రటి ఎండ, చేతులకి మంట, అయినా నవ్వు. కల్లాల్లో తాలుకాయలు ఏరేటప్పుడు ఆ జోకే ఇంకో కొసరుతో మళ్ళీ వస్తుంది. మొదలుపెట్టింది ఎవరో ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ నవ్వు అమ్ముడుపోదు. అమ్ముడుపోవడం మొదలైన చోటే పేరు కావాల్సి వస్తుంది. ఆ పేరు మగవాడిదవుతుంది.

ఇక మన ఇంటి సంగతి. స్త్రీల హాస్యం మీద పరిశోధన చేస్తానన్నప్పుడు ఒక పెద్దాయన "ఆడవాళ్ళ బాధల మీద చెయ్యమ్మా, నవ్వు మీద ఏముంటుంది?" అన్నారు. ఆయన్ని అనడమెందుకు! మన సభల్లో, మన సంకలనాల్లో ఏడుపుకిచ్చిన చోటు నవ్వుకి ఇచ్చామా? హాస్యం రాసే స్త్రీని 'కాలక్షేపం రచయిత్రి' అని పక్కనబెట్టింది మగ విమర్శకులు మాత్రమేనా? బాధపడే స్త్రీని పితృస్వామ్యం జాలితో భరిస్తుంది. తనని చూసి నవ్వే స్త్రీని భరించలేదు. ఆ భయం విలువ వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలియలేదు.

హాస్యం అందరి కష్టం అనే నటులారా, రచయితలారా, వేదికల మీద ఆ మాట చెప్పేటప్పుడు ఆ అందరిలో ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పండి. పాఠ్యప్రణాళికలు రాసే స్నేహితులారా, హాస్యం అన్న పాఠంలో విజయలక్ష్మినీ భానుమతినీ పెట్టండి. మనం అడిగేది దయ కాదు, కూలి.