రెండో కార్డు ఉన్నంత మాత్రాన చాలదు
గ్రామీణ టెలికాం సేవల్లో ప్రత్యామ్నాయ ఏర్పాట్లపై పరిశీలన

‘సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి.’ మండల కేంద్రాల్లో సామాన్యుడు తరచూ వినే మాట ఇది. రేషన్ దుకాణం వద్ద వేలిముద్ర పడదు. బ్యాంకులో డబ్బు చేతికందదు. మీ సేవ కేంద్రంలో ధ్రువపత్రం రాదు. అర్ధరాత్రి 108కు ఫోన్ కలవకపోతే ప్రాణాలకే ముప్పు. నింద సర్వర్‌పై పడుతున్నా, లోపం చాలాసార్లు వేరే చోట ఉంటుంది. ఎక్స్ఛేంజీ గదిలోని స్విచ్‌లో ఒక కార్డు మొరాయించడమో, దానికి విద్యుత్తు అందకపోవడమో, రోడ్డు పనుల్లో పొక్లెయిన్ తగిలి కేబుల్ తెగడమో అసలు కారణమవుతున్నది.

జంట కార్డుల విధానం

టెలికాం స్విచ్ అంటే ఒకే యంత్రం కాదు. ఇనుప పెట్టెలో వరుసగా ఉన్న స్లాట్లలో అమర్చిన కార్డుల సముదాయం. వాటిలో ఒకటి మొత్తం యంత్రాన్ని నియంత్రిస్తుంది. కొన్ని కార్డులు బయటి కేబుళ్లను కలుపుతాయి. మరికొన్ని విద్యుత్తును అందిస్తాయి. నియంత్రణ కార్డు ఆగిపోతే మిగిలినవన్నీ బాగున్నా ప్రయోజనం ఉండదు. అందుకే కీలకమైన కార్డులను జంటగా అమర్చడం తొలి నుంచీ ఈ రంగంలో ఆనవాయితీ. ఒకటి పనిచేస్తుంటే, రెండోది దాని సమాచారాన్ని ఎప్పటికప్పుడు తనలోకి తీసుకుంటూ సిద్ధంగా ఉంటుంది. దీనినే ‘హాట్ స్టాండ్‌బై’ అంటారు. ఒకే రకం కార్డులు ఎక్కువగా ఉన్నచోట, అన్నింటికీ కలిపి ఒక అదనపు కార్డును ఉంచే పద్ధతి కూడా ఉన్నది. ఖర్చు తక్కువే గానీ ఒకేసారి రెండు పాడైతే ఆదుకునే దిక్కుండదు.

అమెరికాలో 1965లో న్యూజెర్సీలోని సుక్కాసన్నాలో ప్రారంభమైన ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీకి నిర్దేశించిన లక్ష్యం, 40 ఏళ్లలో అంతరాయం రెండు గంటలకు మించరాదన్నది. అందుకోసమే దానిలో ప్రాసెసర్లను జంటగా పెట్టారు. మన దేశంలో 1984లో ఏర్పడిన సీడాట్ రూపొందించిన పెద్ద ఎక్స్ఛేంజీల్లోనూ కీలక కార్డులన్నీ జంటగానే ఉండేవి. నేటికీ టెలికాం రంగం ఆదర్శంగా చెప్పుకొనే ప్రమాణం 99.999 శాతం లభ్యత. అంటే ఏడాది మొత్తంలో అంతరాయం ఐదు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉండాలి.

అమరికలోనే అసలు కిటుకు

రెండో కార్డును స్లాట్‌లో పెట్టినంత మాత్రాన రక్షణ లభించదు. రెండింటిలో ఒకే వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. లేకుంటే అవి పరస్పరం సమాచారం పంచుకోలేకపోవచ్చు. కొత్త కార్డు పాతదానితో పూర్తిగా సమన్వయమయ్యేవరకు పాతదానిని తీయరాదు. పెట్టెకు రెండు వైపుల నుంచి వచ్చే విద్యుత్తు తీగలను వేర్వేరు బ్రేకర్లకు కలపాలి. రెండింటినీ ఒకే బ్రేకర్‌కు కలిపితే, అది పడిపోయిన క్షణాన జంట కార్డులు జంటగానే ఆగిపోతాయి. బయటికి వెళ్లే రెండు ఫైబర్ దారులను ఒకే కార్డుకు తగిలించినా ఫలితం అంతే.

అన్నింటికన్నా ముఖ్యమైనది పరీక్ష. వినియోగం తక్కువగా ఉండే అర్ధరాత్రి వేళ, ముందుగా నిర్ణయించుకుని, పనిచేస్తున్న కార్డు నుంచి బాధ్యతను రెండోదానికి మార్చి చూడాలి. ఈ పరీక్ష జరగనంతవరకు రెండో కార్డు పనిచేస్తుందన్నది నమ్మకమే తప్ప నిజమని చెప్పలేం.

ఇక్కడే ఒక చిత్రమైన ప్రమాదం పొంచి ఉన్నది. మొదటి కార్డు పాడై రెండోది పని అందుకున్నప్పుడు వినియోగదారునికి ఏ తేడా తెలియదు. ఫిర్యాదు రాదు. ఫిర్యాదు లేదు కనుక పాడైన కార్డును మార్చాలన్న తొందరా ఉండదు. హెచ్చరిక దీపం వెలుగుతున్నా, మనుషులు లేని గదిలో దానిని చూసేవారెవరు? నెలలు గడిచాక రెండోది కూడా మొరాయిస్తుంది. అప్పుడు మండలమంతా మూగబోతుంది. ‘ఉన్నట్టుండి ఆగిపోయింది’ అని మనకు చెబుతారు. నిజానికి అది ఆగిపోవడం ఎప్పుడో మొదలైంది.

ప్రపంచానుభవం

రెండూ ఒకే దోషాన్ని మోస్తే జంట ఉన్నా ఫలితం లేదని 1990 జనవరి 15న అమెరికా తెలుసుకున్నది. ఏటీ అండ్ టీ సంస్థకు చెందిన 114 దూరవాణి స్విచ్‌లలో ఒకే సాఫ్ట్‌వేర్ లోపం వ్యాపించి, సుమారు తొమ్మిది గంటలపాటు దేశవ్యాప్తంగా కాల్స్ స్తంభించాయి. హార్డ్‌వేర్‌కు ప్రత్యామ్నాయం ఉన్నా, అందులోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉన్నది.

కెనడాలో 2022 జూలై 8న రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. మరమ్మతు చేయవలసిన సిబ్బంది పరికరాలను చేరడానికి వాడే మార్గం కూడా, కూలిన ఆ నెట్‌వర్క్‌పైనే ఆధారపడి ఉండటంతో పునరుద్ధరణ ఆలస్యమైంది.

మనకు దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంపై విరుచుకుపడినప్పుడు విద్యుత్తుతోపాటు ఫోన్లూ మూగబోయాయి. స్విచ్‌లో ఎన్ని జంట కార్డులున్నా, బ్యాటరీలు అడుగంటి, డీజిల్ అందక, దారి తెగితే అవి చేయగలిగింది ఏమీ లేదు. ప్రత్యామ్నాయం గొలుసులోని ప్రతి కొక్కెంలోనూ ఉండాలి. కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకంలో గ్రామ పంచాయతీలను వలయాకార ఫైబర్ మార్గంతో కలపాలని నిర్ణయించడం ఈ దిశగా మంచి అడుగు. ఒకవైపు కేబుల్ తెగినా రెండోవైపు నుంచి సేవ అందుతుంది. అయితే వలయంలోని రెండు దారులనూ ఒకే కందకంలో వేస్తే, ఒక్క పొక్లెయిన్ దెబ్బకు రెండూ తెగిపోతాయన్నది మరువరాదు.

నిబంధనలున్నాయి, కానీ...

టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త నాణ్యతా ప్రమాణాలను అమల్లోకి తెచ్చింది. జిల్లా స్థాయిలో నాలుగు గంటలకు మించి సేవలు నిలిచిపోతే సంస్థలు ట్రాయ్‌కి తెలియజేయాలి. 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వినియోగదారులకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలి. స్వాగతించదగినదే. కానీ ఇక్కడ కొలమానం జిల్లా. మారుమూల మండలం ఒకటి రోజంతా మూగబోయినా జిల్లా లెక్కలో అది కనిపించడం కష్టం. ఖాతాదారులు తక్కువగా ఉన్నచోట రెండో కార్డు ఖర్చు దండగని సంస్థకు అనిపించవచ్చు. ఆ మండలంలోని వృద్ధునికి, రోగికి మాత్రం అక్కడ ఉన్న దారి అదొక్కటే.

చేయవలసింది భారీ పెట్టుబడులతో కూడినది కాదు. కీలక కార్డులు జంటగా ఉన్నాయా, చివరిసారి ఎప్పుడు మార్చి పరీక్షించారు, స్టాండ్‌బై పాడైతే ఎవరికి కబురు అందుతుంది, జిల్లా కేంద్రంలో అదనపు కార్డు నిల్వ ఉన్నదా అన్న నాలుగు ప్రశ్నలకు మండలాలవారీగా సమాధానం రాబట్టాలి. విపత్తు నిర్వహణ సమీక్షల్లో బియ్యం, పడవలు, పునరావాస కేంద్రాల లెక్కలు అడుగుతున్న జిల్లా యంత్రాంగం, తుపాను సీజన్‌కు ముందే ఈ లెక్క కూడా అడగాలి. జవాబు కాగితంపై ఉంటే చాలదు. ఒక రాత్రి ఎక్స్ఛేంజీ గదిలో నిలబడి, మొదటి కార్డును ఆపి చూపించమనాలి.