మాయ తెచ్చిన షుగరు!

సీమంతానికి గాజులు, చీరలు కొనాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సుల్తాన్ బజారే. ఆ బేరాల సందడికి దగ్గర్లోనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి. గాజుల చేతులతోనే గర్భిణులు పరీక్షలకు వస్తుంటారు. ఆ రిపోర్టులో 'షుగర్ ఉంది' అని తేలితే ఏ ఇంట్లోనైనా ఒకటే కంగారు. 'మా వైపు ఎవరికీ లేదే' అంటుంది అమ్మ. 'స్వీట్లు తగ్గించమంటే విన్నావా' అంటుంది అత్తగారు. పాపం, ఆ అమ్మాయి తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది.

నిజానికి తప్పు ఆమెది కాదు... మాయది! కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయ కొన్ని హార్మోన్లను విడుదల చేస్తుంది. అవి తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. చాలామందిలో క్లోమగ్రంథి ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. అలా సర్దుకోలేని వారిలో చక్కెర పెరుగుతుంది. బరువు ఎక్కువున్నా, పుట్టింట్లో ఎవరికైనా మధుమేహం ఉన్నా ముప్పు ఎక్కువే. అయితే ఇవేవీ లేనివారికీ రావచ్చు. పైకి లక్షణాలు కనిపించకపోవచ్చు కూడా.

అందుకే పరీక్ష అందరికీ తప్పనిసరి. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రులు పాటించే పద్ధతి తేలికైనదే. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిస్తారు. రెండు గంటల తరవాత రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే గర్భిణీ మధుమేహం ఉన్నట్లే. తొలిసారి వెళ్లినప్పుడు ఒకసారి, అప్పుడు లేకపోతే 24-28 వారాల మధ్య మరోసారి చేయించుకోవాలి. ఈ జబ్బుపై ఎంతో కృషి చేసిన చెన్నై వైద్యుడు వి.శేషయ్య పుట్టినరోజైన మార్చి 10ని మన దేశంలో గర్భిణీ మధుమేహ అవగాహన దినంగా జరుపుతున్నారు.

పట్టించుకోకపోతే? తల్లి రక్తంలోని అదనపు చక్కెర బిడ్డకూ చేరుతుంది. బిడ్డ మరీ బొద్దుగా పెరిగితే కాన్పులో భుజాలు ఇరుక్కోవచ్చు. పుట్టగానే బిడ్డకు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. తల్లికి బీపీ పెరగొచ్చు.

మరేం చేయాలి? 'ఇద్దరి కోసం తినమ్మా' అంటూ అన్నం మీద అన్నం వడ్డించడం మానాలి. అలాగని పస్తు ఉంచకూడదు. మూడు పూటలా మితంగా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, కూరగాయలు, గుడ్డు పెంచాలి. పండ్ల రసం బదులు పండే కాస్త తినాలి. డాక్టరు వద్దనకపోతే తిన్నాక కాసేపు నడవాలి. రెండు వారాలు ఇలా చేశాక, భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 లోపుంటే అదే కొనసాగించవచ్చు. లేదంటే మెట్‌ఫార్మిన్ మాత్రలో, ఇన్సులినో మొదలుపెడతారు.

ఇన్సులిన్ అనగానే 'ఇక జీవితాంతం సూదులేనా' అని హడలిపోతారు. ఆ భయంతో కొందరు మానేస్తారు కూడా. గుర్తుంచుకోండి... తల్లి తీసుకునే ఇన్సులిన్ మాయను దాటి బిడ్డను చేరదు. ఇబ్బంది తెచ్చిన మాయ కాన్పుతో బయటికొచ్చేస్తుంది కాబట్టి, చాలామందికి ఆ సూదితో పనీ అక్కడితో తీరిపోతుంది. షుగరుందని సిజేరియన్ కూడా తప్పనిసరేమీ కాదు. అదుపులో ఉంటే మామూలు కాన్పుకే ప్రయత్నిస్తారు. నొప్పులప్పుడు చక్కెర తరచూ చూస్తూ, అవసరాన్నిబట్టి సెలైన్‌లో ఇన్సులిన్ ఇస్తారు. పుట్టిన గంటలోపే బిడ్డకు తల్లిపాలు పట్టాలి. బిడ్డలో చక్కెర పడిపోకుండా కాపాడేది అదే.

కథ సుఖాంతం అనుకుంటాం. చాలామంది పొరబడేది ఇక్కడే! ఈ తల్లులకు ముందుముందు మధుమేహం వచ్చే ముప్పు మిగతావారికన్నా కనీసం ఏడు రెట్లు ఎక్కువని 2009లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. కొందరికి గర్భానికి ముందునుంచే ఉండి, అప్పుడే బయటపడి ఉండొచ్చు కూడా. అందుకే కాన్పయిన ఆరు వారాలకు పరగడుపున మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. ఆ తరవాత ఏటా చూపించుకోవాలి. కానీ అప్పటికి ఇంటిల్లిపాది ధ్యాసా ఉయ్యాల మీదే!

ఓ చిన్న చిట్కా. బిడ్డకు ఆరు వారాలప్పుడు టీకా వేయించాలని అందరికీ గుర్తుంటుంది. ఆ కార్డులో బిడ్డ టీకా తేదీ పక్కనే అమ్మ పరీక్ష అని కూడా రాసిపెట్టండి. ఒకే ఆటోలో ఇద్దరి పనీ అయిపోతుంది!