ఊరకుక్కకు యజమాని యెవరు?

పొరుగువాని చేలో గొఱ్ఱె పడినచో దాని యజమానిని పట్టుకొనుటకు చట్టము గలదు. 1871వ సంవత్సరమున నాటి ఆంగ్లప్రభుత్వమువారు గావించిన పశువుల అక్రమప్రవేశపు చట్టమున ఏనుగులు, ఒంటెలు మొదలుకొని తట్టువలు, గాడిదలు, గొఱ్ఱెపిల్లలు, మేకపిల్లలు వఱకు పేరుపేరున జెప్పబడినవి. పైరు మేసిన జీవమును బందెలదొడ్డికి తోలుదురు. కాపరి రుసుము చెల్లించి విడిపించుకొనును. ఇది న్యాయమే, రైతు కష్టము రైతునకు దక్కవలయును. కాని యా పట్టికలో కుక్క లేదు. అదే కాపరి దొడ్డిలో రాత్రివేళ ఊరకుక్కల గుంపు పడి పది జీవములను చీల్చివేసినచో ఆతడు ఎవరి గుమ్మమున నిలువవలయును? ఎవరిని నష్టమడుగవలయును? ఈ ప్రశ్నకు మన పట్టణములు నేటివఱకు తిన్నని యుత్తర మీయలేదు.

ఇది యెవరో యిద్దరు ముగ్గురి గోడని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2019 నాటి పశుగణనమున భారతదేశమందలి గొఱ్ఱెలు సుమారు 7 కోట్ల 42 లక్షలు. అందు తెలంగాణమున 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలు. అనగా దేశమందలి గొఱ్ఱెలలో దాదాపు సగము తెలుగునాటనే కలవు. ఆ గణనముననే యజమాని లేని కుక్కలు దేశమున 1 కోటి 53 లక్షలని తేలినది. 2017లో తెలంగాణ ప్రభుత్వమువారు 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఒక్కొక్క జట్టుగా గూర్చి, వెలలో నూటికి 75 పాళ్లు తామే భరించి కాపరులకు పంచ నారంభించిరి. ప్రజల పన్నుతో గొన్న యాస్తి యొక్కరాత్రిలో కుక్కలపాలు కాగలదు. కొనుటయందలి శ్రద్ధ కాపాడుటయందు లేకున్న నేమి ప్రయోజనము?

కుక్కలు మందను పాడుచేయు తీరు వేఱు. చిరుతపులి తఱచుగా నొక జీవమును పట్టి యీడ్చుకొనిపోవును. కుక్కలు నాలుగైదు చేరినప్పుడు ఆకలి కొంత, ఆట కొంత. పరుగెత్తు జీవమును జూచిన కొలది వానికి తరుము నుత్సాహము హెచ్చును. ఒకదానిని పడవైచి, తినక విడిచి, వేఱొకదాని వెంటబడును. తొడలు, చెవులు, గొంతుక గాయపఱచును. మూలకు జొచ్చిన గొఱ్ఱెలు ఒకదానిపై నొకటి బడి ఊపిరాడక చచ్చుటయు, బెదరిన చూడిగొఱ్ఱెలు ఈసుకొనిపోవుటయు గలదు. తెల్లవారి వచ్చి చూచు కాపరికి మిగులునది లెక్కపెట్టుకొను పని మాత్రమే.

అడవిలోని చిరుతపులి గొఱ్ఱెను జంపినచో అటవీశాఖవారు విచారించి పరిహార మిత్తురు. పులికి ప్రభుత్వము బాధ్యత వహించుచున్నది గనుక కాపరికి పులిపై పగ యుండనక్కఱలేదు. ఊరకుక్క చంపినచో మాత్రము ఆ నష్టము కాపరి నెత్తిననే నిలిచిపోవుట పరిపాటియైనది. పులికన్న కుక్క ఘనమైనదా? లేక కుక్కవాత బడిన గొఱ్ఱెకు వెల తక్కువయా?

ఇతరదేశముల న్యాయమును గూడ నొకసారి పరికింతము. ఆంగ్లదేశమున 1953 నాటి చట్టము మేపుబీళ్లలో పశువులను తరుము కుక్కకుగాను దాని యజమానిని శిక్షార్హునిగా జేసినది. 1971 నాటి చట్టము కుక్క చంపిన పశువునకు ఆ కుక్కను బెంచువాడే నష్టమిచ్చుకొనవలయునని విధించినది. ఆ రక్షణ గొఱ్ఱెలకే గాక గుఱ్ఱములకును గలదు. ఎత్తు 34 అంగుళములు దాటని పొట్టి గుఱ్ఱములను అచ్చటను, అమెరికాలోను ముచ్చటకై పెంచుదురు. పేరునకు గుఱ్ఱమేగాని కుక్కలగుంపు నెదుట నదియు గొఱ్ఱెవంటిదే. తన్ని తరుమజాలదు, పరుగెత్తి తప్పించుకొనజాలదు. అయినను దాని పక్షమున చట్టము నిలుచుటకు గారణము, ఆ కుక్కకొక యజమాని యుండుటయే. మన వీథికుక్కకు అట్టి యజమాని లేడు. కావున చట్టము పట్టుకొనుటకు చేయి దొరకక తిరిగిపోవుచున్నది.

యజమాని నిజముగా లేడా? కుక్కకు అన్నము పెట్టువాడే యజమానియని లోకము చెప్పును. ఊరకుక్కకు అన్నము పెట్టునది యెవరు? ఊరి చివర పోయు పెంటకుప్ప. మాంసపుటంగడులవారు కాలువగట్టున పాఱవైచు ప్రేగులు, ఈకలు. ఆ రుచి మరగిన కుక్క అంగడి మూసిననాడు దొడ్డివైపు జూచును. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో చెత్త తొలగింపు, కబేళాల నియమనము, బందెలదొడ్లు, జంతుహింసానివారణము పురపాలక సంఘములకు దగిన పనులుగా బేర్కొనబడినవి. గ్రామ పంచాయతీల పట్టికయైన 11వ షెడ్యూలులో పశుపోషణమును, పారిశుధ్యమును గలవు. కుక్కలకు శస్త్రచికిత్స చేయించి, పిచ్చికుక్కవ్యాధి రాకుండ టీకాలు వేయించు భారమును 2023 నాటి జనననియంత్రణ నియమములు స్థానిక సంస్థలపైననే యుంచినవి. మేత వారిది, వైద్యము వారిది, పట్టుటయు విడుచుటయు వారివి. ఇన్ని వారివైనప్పుడు కుక్క మాత్రము ఎవరిదియు గాదనుట యేమి న్యాయము? ఊరకుక్కకు యజమాని ఊరే.

కుక్కలను జంపివేసిన పీడ విరగడయగునని కొంద ఱందురు. అది చట్టమునకు విరుద్ధము, పైగా నిష్ఫలము. కుప్ప యున్నంతకాలము చచ్చిన కుక్క చోటికి ప్రక్కయూరి కుక్క వచ్చును. జీవకారుణ్యము పేర కుక్కను గూర్చి మాటలాడవలదను వారును గలరు. చీల్చబడిన గొఱ్ఱెపిల్లకు ప్రాణము లేదా? 2025 ఆగస్టు 22వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము చికిత్సయు టీకాయు నైన కుక్కలను పట్టిన చోటనే విడువవలయుననియు, పిచ్చియెత్తినవానిని, మీదబడు స్వభావము గలవానిని విడువరాదనియు ఉత్తరువిచ్చినది. మందలపై బడ నలవడిన కుక్కలను ఈ రెండవ తెగలో జేర్చి, వేఱుగా నుంచుట న్యాయమని మా వాదము.

కాపరులు చేయదగిన దియు గలదు. కంపకంచె చూపునకు దట్టముగా నున్నను అడుగున సందు మిగిలిన కుక్క దూరును. కంచె యెత్తు అయిదడుగులకు తగ్గరాదు. అడుగుభాగమున సన్నకన్నుల ఇనుపవల బిగించి, దాని యంచును నేలపై వెలుపలికి ఒక మూరెడు పఱచి రాళ్లు పేర్చినచో త్రవ్వుకొని లోనికి రాజాలదు. తల్లులు మేతకు బోయిన వేళ పిల్లలను గంపలక్రింద మూసినంత మాత్రమున చాలదు. తలుపుగల గదిలో నుంచి యొకరు కనిపెట్టియుండవలయును. చచ్చిన జీవమును బయట పాఱవైచుట కుక్కలకు విందుపిలుపు, లోతుగా పూడ్చవలయును. కాటుతిన్న జీవము గాయమును సబ్బునీట చాలసేపు కడిగి, నాడే పశువైద్యునికి జూపవలయును.

అయితే ఇనుపవల వెల యంతయు కాపరియే భరింపవలయుననుట, దొంగను విడిచి తాళముచెవి గలవానిని దండించుట వంటిది. కావున మూడు పనులు స్థానిక సంస్థలవారు వెంటనే చేయవలయును. మాంసపుటంగడుల వ్యర్థమును ప్రతిదినము తామే సేకరించి తొలగింపవలయును. శస్త్రచికిత్సలును టీకాలును ఊరి నడుమనేగాక మందలుండు శివారులనుండి మొదలిడవలయును. పశువైద్యుని ధ్రువపత్రము జూపిన కాపరికి తమ నిధినుండి పరిహార మీయవలయును. 2023 నవంబరున పంజాబు, హర్యానా ఉన్నత న్యాయస్థానము కుక్కకాటు పొందిన మనుష్యునకు పంటిగాటు ఒక్కంటికి కనీసము 10,000 రూపాయలు ప్రభుత్వ మీయవలయునని నిర్ణయించినది. ఆ సూత్రమును మనుష్యుని యొడలినుండి ఆతని జీవనాధారమునకు విస్తరింపజేయుట దూరపుమాట గాదు.

నష్టము తన ఖజానాను దాకిననాడు సంఘము కుప్పలను తానే తుడుచును. పఠనమందిరములలో నీ పత్రిక జదువు పెద్దలు తమ వార్డు సభ్యుని నడుగవలసిన ప్రశ్న యొక్కటే: మన యూరి కుక్కలు నిరుడు ఎన్ని జీవములను జంపినవి? ఆ లెక్క యేపుస్తకమున వ్రాసినారు? వ్రాయలేదని యాతడు చెప్పినచో, ఆ పుస్తకము తెఱపించుటయే మన మొదటి పని.