ఇంటికొచ్చే ఫిజియోను నిలబెట్టుకోండి

పక్షవాతం రోగిని ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి చీటీలో మందుల కింద మేం ఓ మాట రాస్తాం: ‘ఫిజియోథెరపీ’. రాయడానికి క్షణం పట్టదు. దాన్ని నిజం చేయడానికి మాత్రం ఓ మనిషి నెలల తరబడి మీ ఇంటి మెట్లెక్కాలి.

ఆ మనిషి గురించి ఎప్పుడైనా ఆలోచించారా? ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు బీపీటీ చదివి వచ్చినవారు. ఎండైనా వానైనా కాలనీ నుంచి కాలనీకి బండి మీద తిరుగుతారు. చాలామందికి విజిట్‌కు ఇంత అని లెక్క. గేటు దగ్గర మీరు ‘ఈరోజు వద్దులెండి’ అంటే ఆ పూట సంపాదన పోయినట్టే. సందేహం వస్తే అడగడానికి ఆసుపత్రిలోలా పక్కన సీనియర్ ఉండరు. పైగా ‘మసాజ్ అబ్బాయి వచ్చాడు’ అనే పిలుపొకటి!

‘ముగ్గురు మారారు డాక్టరుగారూ, ఎవరూ నిలవడం లేదు’ అని ఫాలోఅప్‌కు వచ్చే కుటుంబాలు నాతో అంటుంటాయి. ఇందులో నష్టపోయేది రోగే. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఒకే కదలికను పదేపదే చేయిస్తేనే మెదడు దాన్ని మళ్లీ నేర్చుకుంటుంది. మనిషి మారిన ప్రతిసారీ పరీక్షలు, పరిచయాలు మొదటికొస్తాయి. విలువైన రోజులు కరిగిపోతాయి.

డబ్బు ముఖ్యమే. కానీ ఫిజియోకు అసలు తృప్తి, నిన్న గ్లాసు పట్టలేని చెయ్యి ఈరోజు ముద్ద కలిపినప్పుడు. ఆ ఫలితం వారొచ్చే ఒక్క గంటలో రాదు. మిగతా ఇరవైమూడు గంటల్లో మీరేం చేయిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే వారొచ్చేసరికి టీవీ కట్టేయండి. మంచం చుట్టూ చోటు చేయండి. డిశ్చార్జి చీటీ, బీపీ రీడింగులు చూపించండి. ఇంట్లో ఒకరు పక్కనే నిలబడి వ్యాయామాలు నేర్చుకోండి. వచ్చేది మహిళ అయితే ఆ సమయంలో ఇంట్లో మరో మహిళ ఉండేలా చూడండి. వద్దనుకుంటే ముందురోజే చెప్పండి. ఈ నెలలో ఏం సాధించాలో ఇద్దరూ కలిసి అనుకోండి.

అర్హతలు అడగడం మీ హక్కు, తప్పక అడగండి. 2021లో వచ్చిన జాతీయ చట్టం ఫిజియోథెరపిస్టులను ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది. మన ఇళ్లలోనూ ఆ గుర్తింపు దక్కాలి.

మా వైద్యులకూ ఇందులో వంతుంది. చీటీలో ఒక్క మాటతో సరిపెట్టకుండా ఏ అవయవానికి, ఏ జాగ్రత్తలతో అన్నది మేం వివరంగా రాయాలి. ఈసారి డిశ్చార్జి సమయంలో మమ్మల్ని అడిగి రాయించుకోండి.