పిల్లల చదువు: పడవ పక్కన కూర్చుని నేర్చిన విశేషణాలు



ఆ మధ్య పనిమీద కళింగపట్నం వెళ్ళాను. వంశధార సముద్రంలో కలిసే ఆ ఊళ్ళో, ఇసుక మీద వల బాగుచేసుకుంటున్న ఒక తండ్రి తన కొడుకును చూపించి, "మా గుంటడు ఉత్త మొద్దు బాబూ, ఇంగ్లీషు బుర్రకెక్కడం నేదు" అన్నాడు. కుర్రవాడు తల దించుకున్నాడు. ఎడ్జెక్టివ్‌లలో రకాలు మర్నాడు బడిలో అప్పజెప్పాలట.

నేను వాడి పక్కన కూర్చుని, "ఆ పడవ ఎలాంటిది?" అని అడిగాను. "పెద్దది" అన్నాడు. బిగ్ బోట్. ఇది గుణం చెప్పే విశేషణం. ఎన్ని పడవలు? త్రీ బోట్స్. ఇది సంఖ్య చెప్పేది. ఉప్పు ఎంత ఉంది? సమ్ సాల్ట్. ఇది పరిమాణం చెప్పేది. దట్ బోట్ అంటే చూపించేది. విచ్ బోట్ అంటే ప్రశ్నించేది. మై బోట్ అంటే ఎవరిదో చెప్పేది. ఎవ్రీ బోట్ అంటే ఒక్కటీ విడిచిపెట్టకుండా చెప్పేది. ఇండియన్ బోట్‌లోని ఇండియన్ ఒక దేశం పేరులోనుంచి పుట్టినది. పావుగంటలో ఎనిమిది రకాలూ అయిపోయాయి.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాను. "పడవ పెద్దది" అంటే తెలుగులో వాక్యం పూర్తయినట్టే. ఇంగ్లీషులో "ది బోట్ ఈజ్ బిగ్" అనాలి. ఆ "ఈజ్" విడిచిపెట్టకూడదు. రెండోది, "ఫ్యూ ఫిష్" అంటే చేపలు దాదాపు లేనట్టే. "ఎ ఫ్యూ ఫిష్" అంటే కొన్నైనా ఉన్నట్టు. చిన్న "ఎ" చేర్చితే అర్థం నిరాశనుంచి ఆశకు మారిపోతుంది.

కుర్రవాడు లేచి బుట్టలోకి తొంగిచూసి, "అయితే ఈవేళ మా నాన్నకి ఎ ఫ్యూ ఫిష్!" అన్నాడు. తండ్రికి ఇంగ్లీషు రాదు గాని, కొడుకు ముఖం చూసి నవ్వాడు.

అప్పుడు ఆయనతో అన్నాను: "మొద్దు కుర్రాడు అంటే అందులో మొద్దు కూడా గుణం చెప్పే విశేషణమేనయ్యా. పదిసార్లు అంటే పిల్లవాడు అదే తన పేరనుకుంటాడు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇంకనను బాబూ" అన్నాడు.

ఈ నెల మీ ఇంట్లో ఇలా చేసి చూడండి. రోజుకొక వస్తువు చూపించి, ఎలాంటిది, ఎన్ని, ఎంత, ఏది, ఎవరిది అని పిల్లలను అడగండి. ఇంగ్లీషు మాట వారు పుస్తకంలో వెతుక్కుంటారు. తప్పు చెబితే దిద్దండి. బిరుదులు మాత్రం ఇవ్వకండి.